కుక్క మొరగని ఊరు

జూన్ 17

నా బిడ్డ చెంపను కుక్క చింపింది.

బడి విడిచాక పాలకేంద్రం ముందు నుంచి వస్తోంది. ఎర్రకుక్క. సంగీత దాని జోలికి పోలేదు, రాయి విసరలేదు, చేతిలో తినే వస్తువు కూడా లేదు. ఎనిమిదేళ్ల పిల్ల, వీపున బ్యాగు, అంతే. కుక్కను చూసి ఉరికింది. ఉరికితే పడింది. పడితే అది మీదికి ఎక్కింది. పాలు పోయడానికి వచ్చినవాళ్లు క్యాన్లతో బాదితే గాని వదల్లేదట.

జగిత్యాల పెద్ద దవాఖానలో కుట్లు వేశారు, సూదులు ఇచ్చారు. నేను కాళ్లు పట్టుకున్నాను, ఊర్మిల తల పట్టుకుంది. కాసేపటికి సంగి ఏడవడం ఆపేసి నా మొహం చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకు నాకు ఎవడినైనా చంపాలనిపించింది. చంపడానికి అక్కడ ఎవడూ లేడు.

మస్కట్ నుంచి వచ్చాక డైరీ మానేశాను. అక్కడ మాట్లాడే దిక్కు లేక రాసేవాణ్ని. ఇప్పుడు నోరు తెరిస్తే ఊర్మిల మీద అరుస్తానని రాస్తున్నాను.

జూన్ 20

సంగి గడప దాటడం లేదు. బడి పేరెత్తితే మంచం కిందికి దూరుతోంది.

సూది వేసిన నర్సమ్మ చెప్పిన మాటలు ఇంట్లో ఆటగా పెట్టాను. కుక్క ఎదురైతే ఉరకొద్దు. దాని కళ్లలోకి చూడొద్దు. వీపు చూపొద్దు. చేతులు దగ్గర పెట్టుకుని మెల్లగా వెనక్కి నడువు. నేనే కుక్కనయ్యాను. చేతులూ మోకాళ్లూ నేల మీద పెట్టి గుర్రుమన్నాను. మొదటిసారి కెవ్వుమంది. రెండోసారి వణికింది. చివరికి నేల చూస్తూ, చేతులు ఛాతీకి ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి పోయి తలుపు చాటుకు చేరింది. "భలే చేసినవ్ బిడ్డా" అన్నాను. నవ్వబోయింది. కుట్లు లాగినట్టున్నాయి, నోరు మూసుకుంది.

బతుకమ్మ నాటికి ఈ పిల్ల తన కాళ్ల మీద తాను బయటికి పోయి గునుగు పువ్వు కోసుకురావాలి. ఎవడు అడ్డం వచ్చినా సరే.

జూన్ 24

పంచాయతీ ముందు అందరి మొహం మీదే అడిగేశాను, ఈ కుక్కలు ఉంటాయా, మా పిల్లలు ఉంటారా అని. సర్పంచ్ వసంత కుర్చీలో కూర్చుంది. మాట్లాడింది ఆమె మొగుడు రామస్వామి, ఎప్పటిలాగే. కేసులు అవుతాయన్నాడు, పేపర్ల వాళ్లు వస్తారన్నాడు. చివరికి పక్కకు పిలిచి, నీ బిడ్డ మొహం చూసి నేను కాదనలేను, నువ్వు చేసుకో, నేను చూడలేదు అన్నాడు.

అడ్డం లేచింది సమ్మయ్య కాక ఒక్కడే. మా చేను పక్క చేను ఆయనది. పిల్లలు లేరు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద తిప్పినవాడు. కల్లు పడితే తప్ప నోరు విప్పని మనిషి. ఆయనకో నల్లకుక్క ఉంది, కర్రి. చేలో మంచె కింద కాపలా ఉంటుంది, ఈమధ్యనే ఈనింది. నరేశ్, కరిచింది ఒక్కటే కదా, దాన్ని పట్టు అన్నాడు. కరిచేది ఏదో, కరవనిది ఏదో మూతి మీద రాసి ఉంటుందా కాకా అని అడిగాను. తిరిగి కూర్చున్నాడు.

జూన్ 26

అయిపోయింది.

కోరుట్ల రోడ్డు మీది చికెన్ సెంటర్ నుంచి పేగులూ తలలూ తెచ్చి మందు కలిపాను. పొద్దున్నే వీధి వీధికీ తిరిగి వేశాను. నేనంటే వాటికి తెలుసు కదా, తోకలు ఊపుకుంటూ వచ్చాయి. తిన్నాక కొంచెంసేపు ఏమీ కాలేదు. తరువాత ఒకటి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి హనుమాండ్ల గద్దె మీద నురగ కక్కుతూ కాళ్లు కొట్టుకుంది. బడి గేటు దగ్గరిది నా చెప్పు వాసన చూసి నా కాళ్ల మీదే పడింది. దాన్ని కాలితో పక్కకు నెట్టాను. ట్రాక్టరు ట్రాలీ నిండింది. గుట్ట కింద గుంత తవ్వి పూడ్చాం.

సంగి కిటికీలోంచి చూసింది. చూడనీ, ధైర్యం వస్తుంది అనుకున్నాను.

కర్రి కూడా పోయింది. నేను చేను వైపు వేయలేదు. అది ఊళ్లోకి వచ్చి ముక్క నోట పట్టుకుని పిల్లల దగ్గరికి తీసుకుపోయి ఉంటుంది. కాక దాన్ని ట్రాలీలో వేయనివ్వలేదు. తువ్వాలలో చుట్టి తానే భుజాన వేసుకుని పోయాడు. పిల్లలు కూడా పోయే ఉంటాయి. నేను చేను వైపు వేయలేదు.

జూన్ 27

కాకులు రాలుతున్నాయి. మిగిలిపోయిన పేగులు తిన్నట్టున్నాయి. మా నీళ్ల ట్యాంకు కింద రెండు. ఊర్మిల చీపురుతో ఊడ్చి పారేసింది. 

జూలై 2

ఆ ఎర్రకుక్క సంగిని కరిచిన సాయంత్రమే కోరుట్ల రోడ్డు మీద టిప్పర్ కింద పడి చచ్చిందట. పాలకేంద్రం వాడు ఇవాళ తీరిగ్గా చెబుతున్నాడు. ముందే చెప్పడానికి నోరు పడిపోయిందా అని వాడి కాలరు పట్టుకున్నాను. నలుగురు విడిపించారు.

చెప్పినా నేను చేసేది అదే. ఒకటి పోతే ఇంకొకటి రాదా?

జూలై 5

ఊరు ఎంత నిమ్మళంగా ఉందో. హాయిగా నిద్ర పట్టింది.

జూలై 19

కోతులు.

ఇదివరకు ఊరి చివరి చింతచెట్ల దగ్గరే ఆగిపోయేవి. ఇవాళ మంద మొత్తం నడివీధిలో, పెళ్లికి వచ్చినట్టు. మా ఇంటి కప్పు మీది గూన పెంకులు తీసి ఒక్కొక్కటే కింద పడేశాయి. ఒకటి వంటింట్లోకి దిగి బియ్యం డబ్బా ఒంపింది. కర్ర ఎత్తితే పళ్లు చూపింది తప్ప కదల్లేదు. సంగి అటక కింద మూలకు చేరి కళ్లు మూసుకుంది. ఇంతకుముందు బయట భయం. ఇప్పుడు ఇల్లే భయం.

కుక్కలు ఉన్నప్పుడు ఈ దరిద్రం లేదని శంకరవ్వ చిన్నమ్మ, అంటే సమ్మయ్య కాక భార్య, మా గోడ అవతల నుంచి వినపడేలా అంది. కోతులు ఈ ఏడు అన్ని ఊళ్లలోనూ ఎక్కువే. ఎవరినైనా అడగండి.

జూలై 28

ఊర్మిల వాకిట్లో బీడీలు చేస్తుంటే పెద్ద కోతి ఒళ్లోని చాట లాగింది. ఆమె వదలలేదు. చెయ్యి కొరికింది. బొటనవేలు కింద కండ లేచి వేలాడింది. తునికాకు అంతా నెత్తురు. మళ్లీ జగిత్యాల, మళ్లీ అవే సూదులు. కుడిచెయ్యి కాబట్టి బీడీలు లేవు ఇప్పట్లో.

దారిలో ఆటోలో అంది, సంగిని తీసుకుని సిరిసిల్ల పోతానని. అక్కడ ఆమె చెల్లెలు పద్మజ ఉంటుంది, మరమగ్గాల సాంచాల చప్పుడుకు కాకి కూడా వాలదట ఆ వాడలో. పోతే మళ్లీ రావొద్దు అన్నాను. అట్లా అనాల్సింది కాదు.

ఆగస్ట్ 6

ఎల్లారెడ్డిపేట వైపు నుంచి కొండెంగను, అంటే కొండముచ్చును, ఆడించే మనిషిని పిలిపించాను. కొండెంగ మొహం చూస్తేనే కోతులు పారిపోతాయి. రెండు రోజులు పారిపోయాయి కూడా. రామస్వామి నా భుజం తట్టాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆ మనిషి దాన్ని పంచాయతీ ముందు స్తంభానికి గొలుసుతో కట్టి అన్నం తినడానికి పోయాడు. మంద తిరిగి వచ్చింది. మొదట దూరం నుంచి చూశాయి. కొండెంగ స్తంభం పైకి ఎక్కింది, గొలుసు ఉన్నంత దాకా. దాన్ని కట్టేశారని వాటికి అర్థమైపోయింది. ఒకటి తోక పట్టి గుంజింది. ఇంకొకటి ముడ్డి మీద కొరికింది. తరువాత అన్నీ ఒక్కసారే. మేం బాణసంచా కాల్చి, రాళ్లు విసిరి తరిమేసరికి చెవి లేదు, పొట్ట తెరుచుకుని ఉంది. ఇంకా ఊపిరి ఆడుతోంది. ఆ మనిషి వచ్చి తల ఒళ్లో పెట్టుకుని దాన్ని పేరు పెట్టి పిలిచాడు, చందూ అని. గోనెసంచిలో వేసుకుని ఆటో ఎక్కాడు.

గొలుసు లేకపోతే బతికేది.

ఆగస్ట్ 14

సంగి ఇవాళ ఇంటి వెనక తలుపు నుంచి బయటికి పోయి వచ్చింది! కాళ్లకు బురద. ఎక్కడికి పోయావంటే శంకరమ్మమ్మ ఇంటికి అంది. చెంప మీది మచ్చ చేత్తో కప్పుకోవడం కూడా మర్చిపోయింది. దారిలో కుక్క లేదు మరి, ఎందుకు పోదు? ఇన్ని తిట్లు తిన్నది ఇందుకే. ఊర్మిలకు చూపించి, ఇప్పుడేమంటావ్ అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగింది.

ఆగస్ట్ 25

రోజూ పోతోంది. నిన్న తన రొట్టె సగం గౌను జేబులో పెట్టుకుంది. ఆకలి పుడుతోంది, మంచిదే.

సెప్టెంబర్ 1

చేలో మక్కజొన్న పాలకంకి మీద ఉంది. అడవిపందులు దిగాయి.

గుట్ట వైపు మక్క అంతా నేల మీద పండుకుంది. అటు నిలబడ్డ కర్ర లేదు. కంకి సగం కొరికి, సగం తొక్కి, కింద నాటిన పసుపు కూడా మూతులతో దున్ని పోయాయి. చేలో కూలబడి బూతులు తిట్టాను. వినేవాడు కాక ఒక్కడే. ఆయన చేనూ అట్లానే ఉంది. ఇదివరకు కర్రి మొరిగితే నేను లేచి డబ్బా కొట్టేవాణ్ని, ఆ చప్పుడుకే అవి గుట్ట దిగేవి కావు, ఇప్పుడు నాకు చెవులు లేవు అన్నాడు. నన్ను ఉద్దేశించి అన్నట్టు లేదు. నా చేతికి చుట్ట ఇచ్చాడు.

సెప్టెంబర్ 4

చేను చుట్టూ తీగ కట్టాను. లైను మీద కొక్కెం వేస్తే కరెంటు. పొద్దు గుంకాక వేస్తాను, తెల్లవారగానే నేనే పోయి తీస్తాను. చుట్టుపక్కల చేన్లవాళ్లందరికీ ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, వెలుతురు వచ్చాకే మా చేను ఒడ్డు మీద నడవండి, ముందు నడవొద్దు అని. కాకకు రెండుసార్లు చెప్పాను. సరేనన్నాడు. ఇంట్లో సంగికి చెప్పలేదు. పిల్ల అటు ఎందుకు పోతుంది?

సెప్టెంబర్ 9

పడింది! ఎద్దంత పంది. తీగ మీద కాలి, పళ్లు బిగించి, కళ్లు తెరుచుకుని ఉంది. కాలిన వాసన కొడుతున్నా సంతోషం ఆగలేదు. ఒక తన్ను తన్నాను.

చట్టప్రకారం జైలే. అందుకే పెద్దలు ఎప్పుడో పెట్టిన పద్ధతి ఉంది. పొదల్లోనే కోసి, మోదుగాకుల మీద ఊళ్లో ఎన్ని ఇళ్లుంటే అన్ని పోగులు. ఇంటికో పోగు. పెద్దది లేదు, చిన్నది లేదు. పోగు ముట్టిన ఇల్లు నోరు విప్పదు. సర్పంచ్ ఇంటికీ పోయింది. గుడి పంతులు కూడా ఎవరి పేరునో తీసుకున్నాడు. కాక వచ్చి తన పోగు తీసుకుని తువ్వాలలో కట్టుకున్నాడు. కోపం పోయిందన్నమాట. నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పలేను.

సెప్టెంబర్ 15

ఇంకో రెండు పడ్డాయి. మళ్లీ పోగులు. ఊళ్లో నన్ను చూసి కూర్చోమని కుర్చీ జరుపుతున్నారు.

సంగి ఎల్లుండి నుంచి బడికి పోతానంది. గునుగు పువ్వు ఎక్కడ బాగుందో తనకు తెలుసట. ఎవరు చెప్పారంటే నవ్వింది. చెంప పూర్తిగా సాగింది నవ్వితే. గెలిచాను.

సెప్టెంబర్ 20

సమ్మయ్య కాక చనిపోయాడు.

సెప్టెంబర్ 21

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న తెల్లవారగానే కొక్కెం తీయడానికి బయలుదేరాను. గేటు దగ్గర ఉండగానే మంద మా కప్పు మీద దూకింది. గూనలు పగులుతున్నాయి, ఊర్మిల లోపల అరుస్తోంది. వెనక్కి తిరిగి నిచ్చెన వేసుకుని పైకి ఎక్కాను. ఒక్క నిమిషంలో తరిమి పోదామనుకున్నాను. అవి ఇటు తరిమితే అటు, అటు తరిమితే ఇటు. వెలుతురు బాగా వచ్చేసింది. నాకు తెలుసు. కొక్కెం సంగతి తెలుస్తూనే ఉంది.

అప్పుడు చేన్ల వైపు కుక్క మొరిగింది.

జూన్ నుంచి ఈ ఊళ్లో ఆ చప్పుడు లేదు. ఒళ్లు మండిపోయింది. ఏది మిగిలింది, ఎవడు దాచాడు, నా బిడ్డ ఇప్పుడిప్పుడే బయట తిరుగుతుంటే! కోతులను వదిలేసి, కర్ర పట్టుకుని కప్పు మీది నుంచి దూకి ఉరికాను. దాన్ని చంపడానికే పోయాను. తీగ కోసం కాదు. ఇది కూడా రాయాలి.

బండిబాట దాటి ఒడ్డు ఎక్కితే సంగి. ఒంటరిగా, చేతిలో పువ్వుల కవరు. ఆమె ముందు నల్లటి కుక్కపిల్ల, అడ్డంగా నిలబడి ఒడ్డు వైపు మొరుగుతోంది. సంగి ఒక అడుగు వేయబోతే గౌను పట్టుకుని గుంజుతోంది. కరుస్తోందనుకున్నాను. కర్ర ఎత్తాను. సంగి దాని మీద పడుకుంది. "కొట్టకు డాడీ! తాతకు ఏమో అయింది!" అంది.

అప్పుడు చూశాను. గడ్డిలో, తీగ మీద, కాక. మంచు పడి ఒడ్డంతా తడి. మోకాలి కింద తీగ అతుక్కుని ఉంది. చెయ్యి సంగి వైపు చాచి ఉంది. పంది దగ్గర వచ్చిన వాసన కాదు. కాలిన చుట్టా, మనిషీ కలిసిన వాసన.

ఇంకా నాలుగడుగులు వేస్తే నా బిడ్డ. ఈ వాక్యం రాసి పెన్ను కింద పెట్టి మళ్లీ తీశాను.

ఉరికి కొక్కెం గుంజాను. అప్పటికి ఏం లాభం.

ఊర్మిల రాత్రి చెప్పింది. కర్రి పిల్లల్లో ఒకటి బతికిందట. కాక మంచె మీద దాచి మేకపాలు పట్టాడు. ఇంట్లో కోతులకు బెదిరిన సంగిని శంకరవ్వ ఒకరోజు అక్కడికి తీసుకుపోయింది. మొదటి రోజు దూరం నుంచి చూసిందట. తరువాత రొట్టె విసిరింది. తరువాత చేత్తో పెట్టింది. మా చేను ఒడ్డు దాటాలంటే పిల్లకు భయం, అందుకని రోజూ బండిబాట దగ్గర ఆగేది, కాక వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. నిన్న గునుగు పువ్వు కోసం పొద్దున్నే రమ్మన్నాడట. వెలుతురు వచ్చింది కదా, నరేశ్ తీసే ఉంటాడని నమ్మి ఒడ్డు ఎక్కాడు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఊర్మిల నా వైపు చూసి, అరవకుండా చెప్పింది: "నీకు చెప్తె దాన్ని గూడ సంపుతవని చెప్పలే."

సెప్టెంబర్ 22

నిన్నటి దాంట్లో ఒకటి వదిలేశాను.

కాకను మేం మోసుకుపోయాం. నేను, రామస్వామి, ఇంకో ఇద్దరు. ఆయన చేలోనే, ఆయన మోటరు స్టార్టర్ డబ్బా దగ్గర పడుకోబెట్టాం. మోటరు వేయబోతే షాక్ కొట్టినట్టు డబ్బా తలుపు తెరిచి పెట్టాం. నేను కాళ్ల వైపు పట్టుకున్నాను. ఒక కాలి చెప్పు ఒడ్డు మీదే ఉండిపోతే మళ్లీ పోయి తెచ్చి తొడిగాను. వద్దు అని ఒక మాట అన్నాను. రామస్వామి నా చొక్కా గుండీలు సరిచేస్తూ చెప్పాడు: "ఊర్ల పోగు తినని ఇల్లు లేదు. అందరం తిన్నం. అందరిదీ ఒక్కటే నోరు. నీ ఒక్కనిది గాదిది."

తీగ చుట్టి బావిలో పడేశారు. పోలీసులు వచ్చి డబ్బా చూసి రాసుకుని పోయారు. సంగిని అడిగితే ఏమీ చూడలేదని చెప్పమని నేనే చెప్పాను. ఆమె కూర్చుని, కింద చూస్తూ విన్నది. ఎవరూ అడగలేదు కూడా.

సెప్టెంబర్ 23

ఎవరో ఒకరు మా వాకిట్లో కూర్చునే ఉన్నారు. చాయ్ తాగుతారు, వానల గురించి మాట్లాడతారు, నన్ను ఒక్కణ్ని వదలరు. నాకు తోడుగా అనుకున్నాను మొదట.

సెప్టెంబర్ 24

శంకరవ్వ చిన్నమ్మ వచ్చింది. వాకిట్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆమె ఎవరి వైపూ చూడకుండా నా ఎదుట కింద కూర్చుంది. కళ్లలో తడి లేదు.

"ఆయన డబ్బ ముట్టడు కొడుకా. కరెంటంటె భయం. మోటరు నేనే ఏస్త, నేనే బంద్ జేస్త. నీకెర్క గద" అంది.

ఎరుకే. చిన్నప్పటి నుంచి ఎరుక. ఊళ్లో అందరికీ ఎరుక. కాక కరెంటు బిల్లు కాగితం కూడా చివరలు పట్టుకునేవాడని నవ్వుకునేవాళ్లం. ఆయనను డబ్బా దగ్గర పడుకోబెట్టేటప్పుడు నలుగురిలో ఒక్కడికీ ఆ మాట గుర్తు రాలేదు.

రామస్వామి నెమ్మదిగా కదిలి, మీ ఇంట్లో కూడా పోగు తిన్నారు కదా చిన్నమ్మా అన్నాడు. మేం తినలేదు, కుక్కపిల్లకు ఉడకేసినం అంది. పైకి లేచి కొంగు దులుపుకుని పోయింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఏం చేయాలో కూడా చెప్పలేదు.

సెప్టెంబర్ 25

మక్క కోసే మనిషి లేడు. పందులు మళ్లీ దిగాయి. దిగనీ.

సెప్టెంబర్ 26

ఊర్మిల బట్టలు సర్దింది. పొద్దున సిరిసిల్ల పోతుందట, సంగిని తీసుకుని. చేతి కట్టు ఇంకా విప్పలేదు, పళ్లతో ముడి వేసింది సంచికి. మళ్లీ రావొద్దని నేను అనలేదు ఈసారి.

సాయంత్రం వెనక వాకిట్లోకి పోయాను. సంగి తన వెంట వచ్చేసిన కుక్కపిల్లకు గిన్నెలో అన్నం పెడుతోంది. ఊరి ఆడపిల్లలు గునుగు పువ్వుతో అటు నుంచి పోతున్నారు, సంగీ రా అని పిలుస్తున్నారు. పోతానన్నట్టు చెయ్యి ఊపింది వాళ్లకు. భయం లేదు. అప్పుడు నేను కనిపించాను.

సంగీ అని పిలిచాను. మెల్లగానే పిలిచాను. ఆమె ఉరకలేదు. కుక్కపిల్లను ఎత్తుకుని ఛాతీకి ఆనించుకుంది. కళ్లు కిందికి దించింది. వీపు తిప్పలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆగింది. నేను కదలలేదని చూసుకుని ఇంకో అడుగు. గోడ దాకా పోయి, గోడ వెంట జరిగి, తలుపు చాటుకు పోయింది.

నేనే నేర్పించాను. ఒక్క తప్పు చేయలేదు.

సెప్టెంబర్ 27

కథలాపూర్ పోలీస్ స్టేషన్ బయట అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. సారు వస్తాడట, కూర్చోమన్నారు.

పొద్దున వాకిట్లో కాపలా ఉన్నవాళ్లతో చెప్పేశాను, పోగులు నేను పెట్టాను, తీగ నేను కట్టాను, కాకను మోసింది మాత్రం నలుగురం అని స్టేషన్‌లో చెప్పబోతున్నానని. రామస్వామి చెంప మీద కొట్టాడు. ఇంకొకడు కడుపులో గుద్దాడు. బాగానే కొట్టారు. పెదవి పగిలి ఈ పేజీ మీద చుక్క పడింది. ఊర్మిల చీపురు తిరగేసి వాళ్ల మధ్యకు వచ్చింది, ఎడమచేత్తోనే. వదిలేశారు.

ఆమెతో, సిరిసిల్ల పోనక్కర్లేదు, ఇంట్లో నేను ఉండను, పిల్లను బతుకమ్మ ఆడనియ్యి అన్నాను. సంచి కింద పెట్టింది.

సంగి గుమ్మంలో ఉంది, కుక్కపిల్ల కాళ్ల దగ్గర. నా మూతి మీది నెత్తురు చూసి దాన్ని దగ్గరికి లాక్కుంది. అది నన్ను చూసి గుర్రుమంది. దగ్గరికి పోయి తల నిమరాలనిపించింది. పోలేదు. చేతులు దగ్గర పెట్టుకుని, ఆమె కళ్లలోకి చూడకుండా, మెల్లగా వెనక్కి నడిచాను. గేటు వీపుకు తగిలేదాకా అట్లానే నడిచాను.

ఆటో కదిలాక కుక్కపిల్ల మొరిగింది. సంగి దాన్ని మందలించలేదు.